ఉస్తాద్ మూసిన కన్ను

సుంకమ్మ పేల్చిన గుండు ప్రతిసారీ ముంతకు ఎడమ పక్కగా వెళ్ళి మట్టిగోడలో దిగబడేది.

ఒకసారి పైకి, ఒకసారి కిందికి పోయినా ఆమెకు ఇంత బాధ ఉండేది కాదు. చేయి వణుకుతోందనుకునేది. వణికే చేయి అన్ని పక్కలకూ పోవాలి కదా. ఇది మాత్రం ఎవరో పట్టుకుని లాగినట్టు ఎప్పుడూ ఎడమకే. ఎందుకిలా అవుతోందో ఆమెకు తెలియదు. చూసేవాళ్ళకూ తెలియదు, కానీ వాళ్ళు ఆ మాట ఒప్పుకోరు.

కోనగిరి సంస్థానంలో తుపాకులు కాల్చడం నేర్పే చోటును చాందుమారి అనేవారు. కోట వెనక గుట్టను ఆనుకుని ఉండేది. మట్టిగోడ ముందు దిమ్మెల మీద సున్నం పూసిన ముంతలు బోర్లించి పెడతారు. దూరంగా గీసిన గీత దగ్గర నిలబడి, ఒంటిచేత్తో పిస్తోలు పట్టుకుని వాటిని పగలగొట్టాలి.

అక్కడికి ఆడవాళ్ళు రావడం ఆ ఏడే మొదలైంది. రాణివాసంలోకి ఎవరో చొరబడ్డారు. మగ కాపలావాళ్ళు లోపలికి అడుగు పెట్టకూడదు గనక అందరూ గడప బయటే నిలబడి, దొంగ వెళ్ళిపోయేదాకా కేకలు పెట్టి తమ విధి నిర్వర్తించారు. రాణిగారికి ఒళ్ళు మండింది. లోపలి కాపలాకు ఆడవాళ్ళే ఉండాలని పట్టుబట్టి, వడ్లు దంచే కొట్టంలోంచి గట్టిగా ఉన్న ముగ్గురిని ఎంచి చాందుమారికి పంపారు. ఇద్దరికి విద్య పట్టుబడింది. మిగిలింది సుంకమ్మ. దసరాకు జరిగే పరీక్షలో ఆరు గుండ్లకు నాలుగు ముంతలు పగలకపోతే ఆమె తిరిగి రోకలి పట్టుకోవాల్సిందే.

రోకలంటే ఆమెకు భయం లేదు. కాపలా పని దొరికితే కోట లోపల ఒక గది ఇస్తారు. ఆమెకు కావలసింది ఆ గది. మొగుడు పోయాక ఆమె దంపుళ్ళ కొట్టంలోనే వడ్ల బస్తాల పక్కన పడుకుంటోంది. కూతురు నర్సి నానమ్మ దగ్గర, సుంకమ్మ అత్తగారి ఊళ్ళో ఉంది. నీకే తలదాచుకునే చోటు లేదు, పిల్లనెక్కడ పెడతావని అత్త పంపలేదు. ఆ మాటలో తప్పు లేదు కాబట్టి సుంకమ్మ పోట్లాడలేకపోయింది. కిందటిసారి చూడబోయినప్పుడు నర్సి వెంటనే దగ్గరికి రాలేదు. నానమ్మ కొంగు పట్టుకుని, ఈమె ఎవరో గుర్తు తెచ్చుకుంటున్నట్టు చూసింది.

నేర్పేవాడు దస్తగీర్ ఉస్తాద్. ఒకప్పుడు గుర్రపు దళంలో ఉన్నవాడు. మాట తక్కువ మనిషి. ఆయన దగ్గర చదువంటే చూడటమే. కొత్తవాళ్ళు కొన్నాళ్ళు వెనక నిలబడి ఆయన కాల్చేది చూడాలి. ఆ తర్వాత ఆయన చేసినట్టు చేయాలి. ఏమీ అడగకూడదు. అడగకూడదని ఆయన ఎన్నడూ అనలేదు గానీ, శిష్యులే ఎప్పుడో అలా తీర్మానించుకున్నారు. ఆ సంగతి పెద్ద శిష్యుడు ఖాదర్ కొత్తవాళ్ళకు మొదటిరోజే గట్టిగా చెప్పేవాడు. అతనికి అంతకుముందున్న పెద్ద శిష్యుడు చెప్పాడట.

ఉస్తాద్ కాల్చే ముందు గడ్డం నిమురుకునేవాడు. అందుకని శిష్యులంతా నిమురుకునేవారు, గడ్డం ఉన్నవాళ్ళూ లేనివాళ్ళూ. ఆ తర్వాత ఆయన మెడ కొంచెం ఎడమకు తిప్పి, ఎడమ కన్ను మూసి, కుడిచేయి చాచేవాడు. వరసలో ఉన్న మెడలన్నీ ఎడమకు తిరిగేవి. కళ్ళన్నీ మూతపడేవి. సుంకమ్మ కూడా తన నున్నటి గడ్డాన్ని భక్తిగా నిమురుకుని అంతా అలాగే చేసేది.

చిక్కంతా ఆ కన్ను దగ్గర వచ్చేది. ఎడమ కన్ను మూయబోతే కుడి కన్ను కూడా సగం మూసుకుపోయేది. బలవంతాన మూసి ఉంచితే రెప్ప అదిరేది, కుడి కంట్లో నీళ్ళు తిరిగేవి, ముంత మసకగా అయ్యేది. తీరా మీట నొక్కే క్షణాన ఎడమ కన్ను తటాలున తెరుచుకునేది. తెరుచుకోగానే ఎదురుగా రెండు పిస్తోళ్ళు కనబడేవి. ఒకదాని గొట్టం చివర గురి చూసే గింజ సరిగ్గా ముంత మీద ఉండేది. రెండోదాని గింజ పక్కకు ఉండేది. తన చేతిలో ఉన్నది ఏదో తేల్చుకునేలోపే మోత వినబడేది. గోడలోంచి మట్టి రాలేది.

సలహాలకు లోటు లేదు. ఊపిరి బిగబట్టమని ఒకడు, వదిలేయమని ఇంకొకడు. కుడికాలు ముందుకు పెట్టమన్నాడు ఒకాయన. అది విని మరొకాయన నవ్వి, కాలికీ గుండుకీ ఏం సంబంధం, తిండి చాలడం లేదన్నాడు. వంటశాలలోని ముసలామె దిష్టి తగిలిందని ఉప్పూ మిరపకాయలూ తిప్పింది. ఎడమకే పోతోంది కాబట్టి ఎడమచేత్తో కాల్చి చూడమని ఖాదర్ చెప్పాడు. అలా కాల్చిన గుండు ఖాదర్ పాదాలకు జానెడు దూరంలో నేలలోకి దిగింది. ఆ సలహా అతను మళ్ళీ ఎవరికీ ఇవ్వలేదు.

ఎవరు చెప్పింది వాళ్ళు చెప్పినట్టు చేయడంతో సుంకమ్మకు నిలబడటం కూడా మరిచిపోయినట్టయింది. గీత దగ్గరికి వెళ్తే ముందు ఏ కాలు వేయాలో తోచేది కాదు. పడుకుంటే రెండు పిస్తోళ్ళు కనబడేవి. అన్నం కలుపుకుంటూ చేతులు రెండూ చూసుకునేది, ఇవి నావేనా అన్నట్టు.

చివరికి ఖాదరే ఒక గుడ్డపేలిక తెచ్చి, మూతపడని కన్నును కట్టేస్తే పోలేదా అన్నాడు. ఎడమ కన్నుకు అడ్డంగా బిగించి కట్టాడు. రెండో పిస్తోలు మాయమైంది. ఆ రోజు మూడు ముంతలు పగిలాయి. మర్నాడు నాలుగు. ఖాదర్ చుట్టూ చూసి మీసం దువ్వుకున్నాడు. సుంకమ్మకు ఎంత సంతోషం వేసిందంటే, అత్తగారి ఊరివైపు వెళ్ళే బండివాణ్ణి ఆపి, దసరా కాగానే వస్తాను, నర్సిని సిద్ధం చేసి ఉంచమని కబురంపింది.

ఆ మరుసటి రోజు ఉస్తాద్ ఆమె కాలుస్తుంటే వచ్చి నిలబడ్డాడు. ఆయన వచ్చిన సంగతి ఆమెకు తెలియదు. వరసగా నాలుగు ముంతలు పగలగొట్టి, మిగతా గుండ్ల కోసం నడుముకు ఎడమపక్క దోపుకున్న తోలుసంచీ తడుముకుంది. సంచీ లేదు. కంగారుగా మొహం పూర్తిగా తిప్పి చూస్తే, ఎడమపక్కన ఉస్తాద్ నిలబడి ఉన్నాడు. సంచీ ఆయన చేతిలో ఉంది.

"రాణివాసానికి వచ్చే దొంగ నీ కుడిపక్క నుంచే వస్తానని మాటిచ్చాడా బేటీ?" అన్నాడు.

ఆమె కన్నుకున్న గుడ్డ తనే విప్పి, మడతపెట్టి ఆమె చేతిలో పెట్టాడు. సంచీ తిరిగి ఇచ్చి వెళ్ళిపోయాడు.

సుంకమ్మ ఆ గుడ్డను పట్టుకుని చాలాసేపు అక్కడే నిలబడింది. కన్ను కడితే దొంగ కనబడడు. కట్టకపోతే ముంత పగలదు. మూద్దామంటే మూతపడదు. నర్సికి కబురు వెళ్ళిపోయింది. ఆ పిల్ల ఈపాటికి గడపలో కూచుని దారివైపు చూస్తూ ఉండవచ్చు. దుఃఖం వచ్చింది, దాని వెనకే కోపం వచ్చింది. కోపమే గెలిచింది.

ఉస్తాద్ ఆయుధాల కొట్టు ముందు అరుగు మీద కూచుని ఉన్నాడు. ఖాదర్ పక్కన పిస్తోళ్ళకు నూనె రాస్తున్నాడు. సుంకమ్మ తిన్నగా వెళ్ళి ఎదురుగా నిలబడింది.

"ఉస్తాదూ, మీరు గూడ అదే కన్ను మూస్తరు గద. మీ ఎడమ దిక్కు నుంచి దొంగ రాడా?"

ఖాదర్ చేతిలోని నూనెగిన్నె ఒలికింది. అంతవరకు చాందుమారిలో ఉస్తాద్‌ను ఎవరూ ఏదీ అడిగి ఎరగరు. అతను సుంకమ్మను కసరబోయాడు. ఉస్తాద్ చేయెత్తి ఆపి, నువ్వు వెళ్ళి నమాజుకు నీళ్ళు తోడి పెట్టమని అతన్ని పంపేశాడు.

ఖాదర్ కనుమరుగయ్యాక ఆయన లేచి, గుట్టవైపు తిరిగి, రెండు కళ్ళూ తెరిచి నిలబడ్డాడు. తన ఎడమపక్కకు రమ్మన్నాడు. చెయ్యి చాచి తన ఎడమ కంటికి పక్కగా పెట్టమన్నాడు.

ఆమె భయపడుతూనే పెట్టింది. ఆయన గుట్టనే చూస్తున్నాడు. కొంచెం దగ్గరికి జరిపింది. వేళ్ళు ఆడించింది. ఇంకా దగ్గరికి తెచ్చింది. వేలి కొన ఆయన రెప్ప వెంట్రుకలకు తగిలేంత దగ్గరికి వెళ్ళింది. రెప్ప కదలలేదు. సుర్మా కాటుక పెట్టిన ఆ కన్ను చూడటానికి అన్ని కళ్ళలాగే ఉంది. సుంకమ్మ చటుక్కున చెయ్యి వెనక్కి తీసుకుంది.

కాసేపటికి ఉస్తాద్, "చెయ్యి పెట్టావా?" అని అడిగాడు.

"పెట్టి తీసేసిన ఉస్తాదూ," అంది.

పడుచుతనంలో గుర్రం మీంచి పడ్డానని ఆయన చెప్పాడు. అప్పటి నుంచి ఆ కంటికి ఎండలో ఒక తెల్లటి మెరుపు తప్ప ఏదీ తెలియదు. ఆ మెరుపు గురికి అడ్డం వస్తుందని మూస్తాడు. ఉన్న కన్ను ముందుకు రావాలని మెడ ఎడమకు తిప్పుతాడు. పద్ధతీ లేదు, పాడూ లేదు. ఇన్నేళ్ళలో ఒక్కరైనా ఎందుకని అడుగుతారేమోనని చూశాడు. అడగని కొద్దీ చెప్పడానికి సిగ్గేసింది, ఆ తర్వాత భయం వేసింది. ఒంటికన్నువాణ్ణి ఉస్తాద్‌గా ఎవరు ఉంచుకుంటారు?

"నాకు లేక మూశాను," అన్నాడు. "నీకేమైంది?"

ఇన్నాళ్ళూ సుంకమ్మ తనకు రాని విద్యేదో ఆయన దగ్గర ఉందనుకుంది. ఏ కన్నుతో చూడాలి, ఏ చేత్తో పట్టాలి, మెడ ఎటు తిప్పాలి, అన్నీ ఒక్కసారిగా అడిగేసింది.

"నాకేం తెలుసు?" అన్నాడు ఉస్తాద్. "రెండు కళ్ళతో నేనెప్పుడూ కాల్చలేదు."

ఇంతకంటే ఆయన తిట్టినా బాగుండేదనిపించింది ఆమెకు. ఆయనకే తెలియనిది ఇంకెవరిని అడగాలి? ఏడుపు ఆపుకుంటూ వెళ్ళబోయింది. ఉస్తాద్ వెనక్కి పిలిచాడు. కుమ్మరివాళ్ళ బండి ముంతలు తేవాలి, వస్తోందేమో బురుజు కంతలోంచి చూసి రమ్మన్నాడు. ఇంత బాధలో ఉంటే ఈయనకు ముంతల గోలేమిటని విసుక్కుంటూనే ఆమె బురుజెక్కింది. గోడలోని కంతకు మొహం ఆనించి చూసి, దిగివచ్చి, రాలేదని చెప్పింది.

"ఏ కంటితో చూశావు?"

తన మొహం మీద ఉన్న కళ్ళ సంగతి ఆమెకే తెలియదు. మళ్ళీ బురుజెక్కింది.

ఈసారి కంత ముందు నిలబడి, ఏమీ అనుకోకుండా మొహం ఆనించింది. ఆనించాక చూసుకుంటే ఎడమ కన్నే కంతలో ఉంది. పక్క కంత దగ్గరికి వెళ్ళింది. అక్కడా ఎడమ కన్నే. కుడి కన్ను పెట్టాలంటే పనిగట్టుకుని మొహం జరపాల్సి వచ్చింది. అలా జరిపినా దారి సరిగ్గా కనబడలేదు. తలుపు సందులోంచి తొంగి చూసినా, వడ్లగింజ ఎత్తి రాయేమోనని చూసినా ఇన్నేళ్ళూ ఆ కన్నుతోనే చూసి ఉంటుంది. ఆ కన్నునే రోజూ తిట్టి, నొక్కి, గుడ్డ కట్టి మూయాలని చూసింది.

కిందికి వచ్చేసరికి ఉస్తాద్ నమాజుకు వెళ్ళిపోయాడు.

ఆ తర్వాత ఆయన ఆమె దగ్గరికి రాలేదు. వేరేవాళ్ళు లేని పొద్దుటిపూట సుంకమ్మ ఒక్కతే కాల్చుకునేది. పిస్తోలు కుడిచేతిలోనే ఉంచింది, అలవాటైన చేయి అదే. మెడ మాత్రం అందరిలా ఎడమకు కాకుండా కొంచెం కుడికి తిప్పింది. అలా తిప్పితే ఎడమ కన్ను వచ్చి చాచిన చేతికి సూటిగా నిలబడింది. ఏ కన్నూ మూయలేదు. పిస్తోళ్ళు ఇప్పటికీ రెండు కనబడుతూనే ఉన్నాయి. తికమక పూర్తిగా పోలేదు. కానీ గొట్టం చివరి గింజనూ వెనకనున్న గాడినీ కలిపి చూపించే పిస్తోలు ఒకటే ఉంది. దాన్నే నమ్మి మీట నొక్కితే ముంత పగిలేది. అనుమానం వచ్చి రెండోదాన్ని చూస్తే గోడ.

దసరా వచ్చింది. వెదురు తెర వెనక రాణిగారు కూచున్నారు. కోట సర్దారు నాగిరెడ్డి గీత పక్కన కర్ర పట్టుకుని నిలబడ్డాడు. మగ కాపలావాళ్ళు ఏటా కాల్చినట్టే కాల్చారు. గడ్డాలు నిమురుకున్నారు, మెడలు తిప్పారు, కళ్ళు మూశారు. కొన్ని ముంతలు పగిలాయి, కొన్ని మిగిలాయి. చివరి వరసలో ఖాదర్‌కూ ఇంకొందరికీ పక్కన సుంకమ్మను నిలబెట్టారు.

ఆమె మెడ కుడికి తిప్పి చేయి చాచింది. నాగిరెడ్డి కర్ర అడ్డం పెట్టాడు.

"అది ఉస్తాద్ పద్ధతి కాదు గదమ్మా. నిలబడుడే రానిదాన్ని రాణివాసంల ఎట్ల పెట్టాలె?"

సుంకమ్మ చేయి దించింది. ఎందుకలా నిలబడిందో చెప్పాలంటే ఉస్తాద్ కన్ను సంగతి చెప్పాలి. ఆయన దూరంగా, ముంతల గంప పక్కన నిలబడి ఉన్నాడు. ఆమె ఆయన వైపు చూడలేదు. చూస్తే ఎవరైనా పోల్చుకుంటారేమోనని భయం. నర్సి గుర్తొచ్చింది. దంపుళ్ళ కొట్టం గుర్తొచ్చింది. ఒక్కమాట నోరుజారితే ఈ వయసులో ఆ ముసలాయన ఎక్కడికి పోతాడు?

ఆమె గడ్డం నిమురుకుంది. మెడ ఎడమకు తిప్పింది. ఎడమ కన్ను మూసింది. రెప్ప అదరడం మొదలుపెట్టింది.

"ఆగు బేటీ," అన్నాడు ఉస్తాద్.

ఆయన నడిచి వచ్చి సర్దారు ముందు నిలబడ్డాడు.

"సర్దార్ సాబ్, నా ఎడమ కన్ను కనబడదు. చాలా ఏళ్ళయింది. వీళ్ళు నేర్చుకున్నది నా పద్ధతి కాదు, నా గుడ్డితనం."

సర్దారుకు కర్ర ఎత్తి ఉంచాలో దించాలో తెలియలేదు. గీత దగ్గర ఎడమ కళ్ళు మూసుకుని నిలబడ్డవాళ్ళు ఒక్కొక్కరే ఆ కళ్ళు తెరిచారు. ఖాదర్ చేయి గడ్డం దగ్గరికి వెళ్ళి అక్కడే ఉండిపోయింది.

తెర వెనక నుంచి ఒక దాసి వచ్చి, ఆ పిల్లను కాల్చమంటున్నారని చెప్పింది.

సుంకమ్మ మెడ కుడికి తిప్పింది. కళ్ళు తడిగా ఉన్నందువల్ల ఆమెకు ఈసారి రెండు కాదు, మూడు పిస్తోళ్ళు కనబడ్డాయి. తుడుచుకుని మళ్ళీ చేయి చాచింది. మొదటి గుండు గోడలోకి పోయింది. తర్వాతి నాలుగూ వరసగా ముంతలను పగలగొట్టాయి. ఆరోది ఎటు పోయిందో ఆమె చూడలేదు.

సాయంత్రం గది చూపించారు. చిన్నదే గానీ తలుపుకు లోపల గడియ ఉంది. సుంకమ్మ ఆ గడియ రెండుసార్లు వేసి తీసి చూసుకుంది. తెల్లారగానే నర్సి కోసం బండి కట్టిస్తామన్నారు. ఆ మాట చెప్పుకోవడానికి ఆమె ఆయుధాల కొట్టు దగ్గరికి వెళ్ళింది.

ఉస్తాద్ అరుగు మీద ఒక్కడే ఉన్నాడు. ఆయన్ను ఉంచుతారో పంపుతారో రాణిగారు రేపు చెబుతారట. ఆ సంగతి ఆయన వేరే ఎవరి గురించో చెప్పినట్టు చెప్పాడు. నర్సి రాక విని, పిల్లకు వేడిగా ఏమైనా వండిపెట్టు, ప్రయాణంలో ఆకలేస్తుందన్నాడు. ఇదంతా నా వల్లే కదా అనబోయింది సుంకమ్మ.

ఆయన ఆ మాట రానివ్వలేదు.

"రెండు కళ్ళతో చూస్తే పిస్తోలు రెండుగా కనబడుతుందని ఖాదర్‌తో అన్నావట."

"అవు ఉస్తాదూ. ఒకటి ఉత్తది."

"ఏది ఉత్తదో ఎట్లా తెలుసుకుంటావు?"

సుంకమ్మ ఆలోచనలో పడింది. చేయి దానంతటదే కొంచెం పైకి లేచింది, మెడ కుడికి తిరిగింది. చెప్పడానికి మాటలు వెతుక్కుంటూ ఆమె అలాగే నిలబడిపోయింది.

ఉస్తాద్ అరుగు దిగి, ఆమె ఎదురుగా నేల మీద మోకాళ్ళు మడిచి కూచున్నాడు.

"చెప్పు," అన్నాడు.